గాజు తొట్టి పద్యం: టీకా, తాత్పర్యం, కొంత పేచీ

చిటికెడంత మేత చేపకు చాలును
నీటఁ బావు వంతు నేర్చి మార్చు
నత్త పైకిఁ బాక నాణ్యము చెడె నీరు
గాజు తొట్టి ఱేఁడ కలత మాను

ప్రతిపదార్థం: గాజు తొట్టి ఱేఁడ = అక్వేరియానికి ప్రభువైనవాడా!; చేపకు = గప్పీ, మోలీ మొదలైన చిన్న చేపకు; చిటికెడంత = రెండు వేళ్ల నడుమ పట్టినంత (మూడో వేలు చేరితే అది చిటికెడు కాదు); మేత = పొడి మేత; చాలును = సరిపోవును; నీటన్ = తొట్టి నీటిలో; పావు వంతు = నాలుగింట ఒక పాలు; నేర్చి = తెలిసి; మార్చు = మార్చుము; నత్త = నత్తయే; పైకిన్ పాక = నీటి మట్టం దాటి ఎక్కినచో; నీరు నాణ్యము చెడెన్ = నీరు పాడైనది (అని ఎరుగుము); కలత మాను = కంగారు పడకుము.

తాత్పర్యం: ఓ యజమానీ, మేత తగ్గించు, నీళ్లు కొద్దికొద్దిగా మార్చు, నత్తను కనిపెట్టి ఉండు, చేపలను వాటి మానాన వదిలెయ్యి.

విశేషాలు: చేప కడుపు దాని కన్నంతేనని పెంచేవాళ్లంటారు. రెండు నిమిషాల్లో తిన్నదే మేత; అడుక్కి దిగినది కుళ్లి అమ్మోనియా అవుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవారు "పాపం, నోళ్లు తెరుస్తున్నాయి" అని మళ్లీ డబ్బా వంచుతారు. పైకొచ్చి అదేపనిగా నోరు తెరవడం ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. నత్తలు పుట్టలుగా పెరిగాయని గోల పెట్టేవారు కూడా ముందు ఆ డబ్బానే దాచాలి.

పద్యానికి ప్రాణం "నేర్చి". కొళాయి నీళ్ల క్లోరిన్ బకెట్లో ఒక రోజు ఉంచితే పోతుంది. క్లోరమైన్ పోదు, దానికి అంగట్లో చుక్కల మందు దొరుకుతుంది. ఫిల్టరు స్పాంజిలో కాపురముండే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది పావు వంతు నీళ్లతో బయటికి పోతుంది. ఈ కాపురం కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆదివారం తొట్టి బోర్లించి, స్పాంజిని కొళాయి కింద పిండే మహానుభావులు దాన్ని ఒక్క పూటలో కూలుస్తారు. సోమవారం చేపలు తేలితే అంగడివాణ్ణి తిడతారు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కాబట్టి "ఱేఁడ" అన్న పిలుపు యజమానికి మర్యాదకు మాత్రమే, ఏలేది స్పాంజి.

మూడో పాదంతో మాకు పేచీ ఉంది. తొట్టిలో పెంచే మిస్టరీ నత్తకు మొప్పతోపాటు ఊపిరితిత్తి కూడా ఉంది. గాలి పీల్చడానికి పైకొస్తుంది. రాత్రివేళ నీటి మట్టానికి పైన గులాబి రంగు గుడ్ల గుత్తి పెడుతుంది. ఒక్కటి ఎక్కితే శుభకార్యం కావచ్చు. అన్నీ కట్టగట్టుకొని ఎక్కితే మాత్రం కవి మాటే నిజం, వెంటనే నీళ్లు మార్చాలి.

కవి చిప్ప సంగతి వదిలేశాడు. ఆర్వో నీళ్లే పోస్తే కాల్షియం చాలక నత్త చిప్ప మీద తెల్లని గుంటలు పడతాయి. హైదరాబాదులో గీజరును పాడుచేసే బోరు నీళ్లే నత్తకూ గప్పీకీ బాగా పడతాయి. నియాన్ టెట్రాకు అవి పనికిరావు.

చేప జబ్బుకు వాడే మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, అది నత్తను చంపుతుంది. పద్యంలో ఈ హెచ్చరిక లేదు. ఆటవెలదిలో చోటు చాలలేదనుకోవాలి.