కడుపుతో ఉన్నప్పుడు గుండె దడ: వినకూడని సలహాలు

కనిగిరి వైపు కడుపుతో ఉన్న పిల్ల "గుండె దడదడలాడతా ఉంది" అంటే చాలు, ఇంటింటి నుంచీ సలహాలొస్తాయి. చెప్పేవాళ్లకు ఆ పిల్ల మీద ప్రేమే. అయినా కొన్ని సలహాలు తల్లికీ బిడ్డకూ చేటు చేస్తాయి. వాటిని ఏరి చెబుతున్నాను.

"కడుపుతో ఉంటే ఇదంతా మామూలేలే." సగం నిజం కాబట్టే దీంతో ఎక్కువ ప్రమాదం. నెలలు పెరిగేకొద్దీ తల్లి ఒంట్లో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. దాన్ని తిప్పడానికి గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. కాసేపు దడ వచ్చి, కూర్చోగానే తగ్గిపోతే చాలామందిలో భయం లేదు. కానీ మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తం తక్కువేమో, థైరాయిడ్ తేడా ఏమో చూపించుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. 7 కంటే తగ్గితే ఆ పిల్లను ఇంట్లో ఉంచకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపించడం కూడా చాలాసార్లు రక్తహీనతకు గుర్తే.

"వేడి వేడి టీ తాగు, సర్దుకుంటుంది." టీ గుండె వేగాన్ని పెంచగలదు, తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వదు. పైగా టీ ఆకులో ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో తరాలుగా పళ్లూ ఎముకలూ పాడైన కనిగిరి ప్రాంతానికి ఇది చిన్న మాట కాదు. ఫ్లోరైడ్ జబ్బుల పరిశోధకురాలు డాక్టర్ ఎ.కె. సుశీల బృందం గర్భిణుల చేత ఫ్లోరైడ్ ఉన్న నీళ్లూ పదార్థాలూ మాన్పించి, మంచి తిండి పెట్టించి చూస్తే హిమోగ్లోబిన్ పెరిగింది. ఆ పరిశోధన 2010లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చింది. అందుకే ఇంట్లో శుద్ధి చేసిన నీళ్లు కొద్దిగానే ఉంటే ముందు ఆ పిల్లకే ఇవ్వండి.

"నీళ్లు తగ్గించు, కాళ్లు వాస్తాయి." ఎండలో మిరపకాయలు కోసే కూలి ఇంటి ఆడబిడ్డకు కూడా ఇదే చెబుతారు. ఒంట్లో నీరు తగ్గితే దడ ఇంకా పెరుగుతుంది. దాహం వేయకముందే తాగాలి. కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాలు, అక్కడ దడ వస్తే ఆస్పత్రిలో చూపించడానికి, పరీక్షల వివరాలు రాసిన తల్లీబిడ్డల కార్డును వెంట తీసుకెళ్లాలి.

"ఐరన్ మాత్ర వేడి, బిడ్డ నల్లగా పుడతాడు." బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. నల్లబడేది మలం మాత్రమే, దానికి భయపడక్కర్లేదు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక, నిమ్మకాయ నీళ్లతో వేసుకోవచ్చు. కాల్షియం మాత్రను మాత్రం దాంతో కలిపి వేసుకోకూడదు.

"మీ మామ బీపీ మాత్ర సగం మింగు." వద్దు. అటెనొలాల్ లాంటివి బిడ్డ ఎదుగుదలను తగ్గించవచ్చు. ఇంకొన్ని రకాలు బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

"వెల్లకిలా పడుకో." నెలలు నిండేకొద్దీ గర్భసంచి బరువు వీపు వైపు ఉన్న పెద్ద రక్తనాళం మీద పడి గుండెకు రక్తం తగ్గిపోతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి.

ఇక నాకు బాగా బాధ కలిగించే సలహా ఒకటుంది. "చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిన సంగతి అత్తగారింట్లో అనకు." ఆ జ్వరం కొందరిలో గుండె వాల్వును ఇరుకు చేస్తుంది. ఏళ్ల తరబడి బయటపడని ఆ జబ్బు, కడుపుతో ఉండి రక్తం పెరిగినప్పుడు ఆయాసంగా, దడగా బయటికొస్తుంది. పుట్టింటివాళ్లు పరువు కోసం దాస్తే డాక్టరుకు ఆ అనుమానమే రాకపోవచ్చు. మొదటి పరీక్షలోనే చెప్పాలి, ఈసీజీ, గుండె స్కానింగ్ అవసరమేమో అడగాలి. ప్రతి నెలా 9న సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2016 నుంచీ ఉన్న పథకమిది.

అత్తమ్మలూ, పెద్దమ్మలూ, ఒక్క మాట. కూర్చున్నా దడ తగ్గకపోతే, పడుకుంటే ఊపిరాడకపోతే, కళ్లు తిరిగి పడిపోతే, గుండెల్లో నొప్పి వచ్చినా దగ్గులో రక్తం పడినా ఎవరి సలహా కోసమూ ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. కాన్పయ్యాక ఇవి కనిపించినా అంతే. 108 అంబులెన్సుకు డబ్బులు కట్టక్కర్లేదు.