అప్పడాలకర్ర పర్వం

స్నానాలగది గచ్చు మీద జారి, కుడి అరచేయి నేలకు ఆనించి, భూమాతను ఢీకొన్న మా పెద్దమ్మ వీరగాథను వర్ణించెద.

ముంజేతి సామ్రాజ్యాన్ని ఏలేది రత్ని, అరత్ని అనే ఎముకల సోదరద్వయం. అరత్ని స్థిరచిత్తుడు. రత్ని అతని మీదికి అడ్డంగా దొర్లితే అరచేయి నేలను చూస్తుంది, మళ్లీ పక్కకు చేరితే ఆకాశాన్ని చూస్తుంది. విరిగింది ఆ రత్నే, మణికట్టు దగ్గర. ఎక్స్‌రే పుట్టడానికి చాలా ముందే, 1814లో, డబ్లిన్ శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ ఈ భంగాన్ని వర్ణించాడు. నేటికీ దానికి ఆయన పేరే బిరుదు.

పిండికట్టు కోటలో ఆరు వారాల అజ్ఞాతవాసం ముగిసింది. బయటికొచ్చింది పొట్టు రాలే చర్మం, సన్నబడ్డ కండ, తిరగనని మొండికేసిన మణికట్టు.

అరచేయి గోడను చూస్తుందే గాని పైకి తిరగదు. రామాలయంలో పూజారిగారు పోసిన తీర్థం మోచేతి దాకా పారి పట్టుచీర అంచును పునీతం చేసింది. ఎడమచేయి చాపడమా? పెద్దమ్మ శాస్త్రంలో ఆ మాటే లేదు.

“ఇంట్లో సుత్తి ఉందా ఆంటీ?” అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

“అవసరానికి ఎప్పుడు దొరికింది గనక! అప్పడాలకర్ర ఉంది.”

అంతే, చపాతీల సేవలో అరిగిన ఆ దారుఖండానికి గదాపదవి లభించింది! కుర్చీ సింహాసనం. మోచేయి సమకోణంలో వంగి, డొక్కకు ఆనుకుంది. నడుమ మడతపెట్టిన తువ్వాలు. కర్రను ఒక కొసన పట్టి, ధ్వజస్తంభంలా నిలిపి, మెల్లగా బయటివైపు వాల్చాలి. బరువు చాలావరకు పిడికిలికి అవతలే ఉంటుంది కనుక కర్రే చేతిని తిప్పుతూ పోతుంది. తిరిగి నిలబెట్టేటప్పుడే చూడాలి పెద్దమ్మ పళ్లబిగువు! రావణుడికి పది తలలుండి ఏం లాభం? కర్ర సాయం లేకుండా అరచేతిని పైకి తిప్పడానికి జబ్బలోని ద్విశిరస్క కండరం, ఆ రెండు తలలదే, ముఖ్య సేనాని. మోచేయి వంచి ఉంచితే దాని పరాక్రమం ఇంకా ఎక్కువ.

ఇక భుజం కపటం చెప్పతరమా! మణికట్టు చేయలేని పనిని తాను పక్కకు లేచి చేసినట్టు నటిస్తుంది. అప్పుడు తువ్వాలు జారుతుంది, దొంగ దొరుకుతుంది. “ఆంటీ, తువ్వాలు!” అన్న కేకే ఆ రణరంగంలో శంఖనాదం.

కొన్నాళ్లకు పూజారిగారు ఉద్ధరిణె ఎత్తారు. అరచేయి దొన్నెలా తిరిగింది. బొట్టు కూడా చిందలేదు.

ఇక ఫలశ్రుతి. చేయి కట్టులో ఉండగానే వేళ్లు, మోచేయి, భుజం డాక్టరు చెప్పినట్టు ఆడిస్తూ ఉండండి. పెద్దమ్మ వాటిని కూడా కట్టుతో పాటు పడుకోబెట్టింది. అందుకే కర్రసాముతో బాటు, భుజం కోసం గోడ మీదికి వేళ్లు పాకించే పని కూడా ఇప్పుడు రోజూ చేస్తోంది.