తహసీల్దారుగారికి శాంతి

భయపడటంలో నాకు మొదట్నుంచీ న్యాయదృష్టి తక్కువ. నిజంగా ప్రమాదమైన దాని పక్కన గురకపెట్టి నిద్రపోతాను. నిరపాయమైన దానిమీద మాత్రం రాత్రంతా విచారణ జరుపుతాను. మా ఇంట్లో గీజరు స్విచ్ చిన్నగా షాకు కొడితే, చెప్పులు వేసుకుని నొక్కడం అలవాటు చేసుకున్నామే గానీ మనిషిని పిలవలేదు. అలాంటి నేను, పిల్లి కోసం ప్లగ్గులో పెట్టే ఓ ప్లాస్టిక్ బుడ్డి ఇంట్లోకి వస్తుందనేసరికి ఔషధ నియంత్రణాధికారిని అయిపోయాను.

ముందు పిల్లి సంగతి చెప్పాలి. అమ్మాయి ఏదో ముద్దుపేరు పెట్టింది గానీ ఇంట్లో అందరం తహసీల్దారుగారనే అంటాం. పిలిస్తే పలకరు. విన్నపం పెట్టుకుంటే మొహం అటు తిప్పుకుంటారు. భోజనం వేళకు మాత్రం ఠంచనుగా సీట్లో ఉంటారు. మల్కాజిగిరిలో పెరడున్న పాత ఇల్లు వదిలి అపార్ట్‌మెంట్‌లోకి మారాక ఆయనకు ముద్రలు వేసే జబ్బు పట్టుకుంది. సోఫా వెనక, బీరువా తలుపు మీద, నా ఆఫీసు బ్యాగు మీద, తోక నిటారుగా ఎత్తి, కొస వణికించి, సర్రున ఒక ఆమోదముద్ర. ఇంటికొచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతూనే ఆగి, "ఇప్పుడే వెళ్లాలి బాబూ, పని ఉంది" అనేవారు. ఒక్కోసారి అది లాభమే అనుకోండి.

పశువుల డాక్టరమ్మ ముందు మూత్రపరీక్ష చేయించమంది. ఆపరేషన్ అయిన మగపిల్లి గోడకేసి చిమ్మడం వేరు, మట్టిపెట్టెలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోవడం వేరు. రెండోది బెంగ కాదు, మూత్రనాళం మూసుకుపోవడం. అందులో ప్రాణాపాయం ఉంది, తెల్లారేదాకా ఆగకూడదు. మా తహసీల్దారుగారికి ఆ బాధ లేదని తేలింది. "ఇల్లు మారిన బెంగ. ఫెరోమోన్ డిఫ్యూజర్ పెట్టి చూడండి" అని చీటీ మీద ఫెలివే అని రాసింది.

ఫెరోమోన్ అన్న మాట చెవిన పడగానే నాకు చెమటలు పట్టాయి. హార్మోను అనుకున్నాను. మూసిన ఫ్లాటులో పగలూ రాత్రీ ఆవిరి! అమ్మకు బీపీ, అమ్మాయికి పరీక్షలు, నాకు ఎలాగూ ఏదో ఒకటి. ఆ రాత్రి అందరూ పడుకున్నాక చదవడం మొదలుపెట్టాను.

పిల్లి కుర్చీకాలికీ, గుమ్మానికీ, మన పిక్కలకూ బుగ్గ రుద్దుతుంది చూశారా, అది మనమీద ప్రేమ పొంగిపోయి చేసే పని అనుకుంటాం. నిజానికి బుగ్గల దగ్గరున్న గ్రంథులతో 'ఇది నాకు తెలిసిన చోటే, ఫర్వాలేదు' అని తనకు తానే రాసుకుంటుంది. పాట్రిక్ పాజా అనే ఫ్రెంచి పశువైద్యుడు 1990లలో ఆ స్రావాన్ని పరీక్షించి ఎఫ్1 నుంచి ఎఫ్5 దాకా అయిదు భాగాలు చేశాడు. వస్తువులకు రుద్దేది ఎఫ్3. బుగ్గ రుద్దిన చోట పిల్లి సాధారణంగా మూత్రం చిమ్మదు. కాబట్టి ఆ ఎఫ్3ని ప్రయోగశాలలో తయారుచేసి గదంతా పరిస్తే సరి, అన్నది ఆలోచన. ఏ పిల్లినీ పిండి తీసిన సరుకు కాదు.

అందులో ఉండేవేమిటయ్యా అంటే ఓలియిక్, పామిటిక్, అజెలాయిక్ వగైరా ఆమ్లాలు. పొద్దున్నే ఈ మాట అమ్మకు చెప్పాను, ఆవిడ భయపడుతుందేమోనని. ఓలియిక్ ఆమ్లం వేరుశనగ నూనెలోనూ, పామిటిక్ ఆమ్లం నేతిలోనూ ఉంటాయని వివరిస్తే, "నూనె, నెయ్యి గోడకు తగిలించడానికి అంత డబ్బు పోయాలిట్రా?" అంది. అజెలాయిక్ ఆమ్లం అమ్మాయి మొటిమలకు రాసుకునే క్రీములోనే దొరికింది. ఏడాదిగా బాత్రూమ్ అలమరలో నా షేవింగ్ బ్రష్ పక్కనే ఉందట. నేను ఒక్క రాత్రి కూడా మేలుకోలేదు.

పైగా ఇది మత్తుమందు కాదు. రక్తంలో కలిసి పనిచేసేది కాదు. పిల్లికి ముక్కు అడుగున జాకబ్సన్ అంగం అని ఒకటుంటుంది. పై పళ్ల వెనక సన్నటి రంధ్రాల గుండా వాసన అందులోకి చేరుతుంది. అప్పుడప్పుడు పిల్లి నోరు సగం తెరిచి, పై పెదవి ముడిచి, సంసారం మీద విరక్తి పుట్టినట్టు నిలబడిపోతుందే, అది ఆ పనిలో ఉన్నట్టు లెక్క. మనుషుల్లో ఆ అంగానికి ఆనవాలు మిగిలినా, అక్కణ్ణుంచి మెదడుకు కబురు పోయే దారి లేదు. ఈ సంగతి చదివి కూడా నాకు నమ్మకం కుదరలేదు. అద్దం ముందు నిలబడి, నోరు సగం తెరిచి, పై పెదవి ముడిచి గాలి పీలుస్తుండగా మా ఆవిడ వచ్చింది.

"పంటినొప్పా అండీ?"

అవునన్నాను. మధ్యాహ్నం దాకా ఆవిడ పెట్టిన లవంగం బుగ్గన పెట్టుకుని తిరిగాను.

మందు ఇక్కడ కొనేకంటే అమెరికా నుంచి తెప్పిస్తే అసలు సరుకు వస్తుందన్నది నా సిద్ధాంతం. డాలస్ నుంచి వస్తున్న మా బావమరిది, "బావా, ఊరగాయ తీసుకెళ్లే సూట్‌కేసులో పిల్లికి అత్తరు తెచ్చాను" అంటూ పెట్టె చేతిలో పెట్టాడు. నేను కరపత్రం తీసి సన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాను. అసలు పదార్థం నూటికి రెండు వంతులే, మిగతాది ఐసోపారాఫిన్ అనే నూనె, అది మింగితే, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, కనుక సీసా పిల్లలకూ పిల్లులకూ అందకూడదు... ఇలా పురాణం చదువుతుంటే మా ఆవిడ ఆ బుడ్డిని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది.

"120 వోల్టులని ఉందండీ. మనింట్లో 230 కదా?"

గదిలో నిశ్శబ్దం. పిల్లి మెదడు దాకా వెళ్లి వచ్చినవాణ్ణి, ప్లగ్గు వెనక ఏముందో చూళ్లేదు. ఆ బుడ్డి నూనెను వేడిచేసే యంత్రం. రెట్టింపు కరెంటు ఎక్కితే శాంతి సంగతి తర్వాత, ఫైరింజన్ వచ్చేది. బావమరిది గొంతు సవరించుకుని ఊరగాయ గురించి మాట్లాడాడు. చివరికి 230 వోల్టుల డిఫ్యూజర్ ఇక్కడే తెప్పించాం.

ఇంతకీ దాన్ని చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. అచ్చం దోమల మందు మిషనే. అదే సీసా, అదే వత్తి, అదే వేడి. ఇక్కడే నా భయం బండారం బయటపడింది. దోమలమందులో ఉండేది పురుగుల్ని చంపే పైరెత్రాయిడ్ జాతి రసాయనం. ఆ జాతిదే అయిన పెర్మెత్రిన్‌ని కుక్కల పేలకు మెడమీద చుక్కలుగా వేస్తారు. పొరపాటున పిల్లికి వేస్తే వణుకు, మూర్ఛ, ఒక్కోసారి చావు. పిల్లి కాలేయంలో కొన్ని విషాల్ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ సరిగ్గా ఉండదు. అందుకే మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, దానికి ప్రాణం మీదికి రావడానికి. నీలగిరి తైలం, కర్పూరం, బీరువాలో కలరా ఉండలు, ఎవరో పుట్టినరోజుకు తెచ్చిన లిల్లీ పూలగుత్తి (పిల్లికి కిడ్నీలు పోతాయి), సువాసన కోసం దీపంలో వేసే ఆ రకరకాల నూనెలు, ఇవన్నీ మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. ఏ ఒక్కదాని కరపత్రమూ నేను చదవలేదు. జలుబు చేసిన ప్రతిసారీ నీలగిరి తైలం మరిగే నీళ్లలో వేసి, దుప్పటి కప్పుకుని, ఒళ్లో తహసీల్దారుగారిని కూర్చోబెట్టుకుని ఆవిరి పట్టినవాణ్ణి. ఆయన తుమ్మితే నా జలుబు అంటుకుందనుకున్నాను. పాపం, ఆయన ఎక్కడా ఫిర్యాదు చేయలేదు.

కలరా ఉండలూ నీలగిరి తైలమూ ఆ రోజే పోయాయి. కర్పూరం దగ్గర మాత్రం అమ్మ, "పిల్లి కోసం దేవుడికి హారతి మానాలా?" అంది. పిల్లిని వేరే గదిలో పెట్టి హారతి ఇచ్చేలా సంధి కుదిరింది.

డిఫ్యూజర్ హాల్లో పెట్టాను. ఒకటి 50 నుంచి 70 చదరపు మీటర్ల దాకా, అంటే మా హాలూ వంటగదీ కలిపినంత మేర పనిచేస్తుందట. 48 మిల్లీలీటర్ల సీసా సుమారు నెల వస్తుంది. సోఫా వెనకా, కర్టెన్ కిందా పెట్టకూడదు. పెడితే ఆవిరి పరుచుకోదు, వేడి కూడా అక్కడే నిలుస్తుంది. పగలూ రాత్రీ ఆపకుండా ఉంచాలి. నేను ఒక నోటుపుస్తకం తీసి ముద్రల లెక్క రాయడం మొదలుపెట్టాను. ఆఫీసులో ఎన్నడూ అంత శ్రద్ధగా రిజిస్టరు రాసినవాణ్ణి కాను. తొలి వారంలోనే, 'చూపులో మార్దవం', 'నడకలో నిబ్బరం', 'ఈరోజు నన్ను చూసి కళ్లు మూసి తెరిచారు' అని రాశాను.

ఆ వారమంతా డిఫ్యూజర్ ఆఫ్‌లో ఉంది. మొదటిరోజు నేను ఆఫీసుకు వెళ్లగానే అమ్మ స్విచ్ కట్టేసింది. "పగలు దోమలెక్కడివిరా, కరెంటు దండగ" అంది. సాయంత్రం మళ్లీ వేసిందా అంటే, అదీ లేదు. "అసలు దానికి ఒక్క దోమ చచ్చిందా? పాతదే నయం."

నోటుపుస్తకం మడిచి పెట్టేశాను. తర్వాత తెలిసింది, ఇలాంటి మోసం నా ఒక్కడిదే కాదని. పశువులకు మందు ఇచ్చే పరీక్షల్లో, వైద్యం చేయించేవాళ్ల కళ్లకు మెరుగు ముందుగా కనిపిస్తుంది, పశువుకు తర్వాత వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. 2010లో అమెరికన్ పశువైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, అప్పటిదాకా జరిగిన ఫెరోమోన్ పరీక్షలు చాలావరకు నమ్మకంగా తేల్చి చెప్పేంత గట్టివి కావని అంది. కొన్ని పరీక్షల్లో గోడల మీద చిమ్మడం తగ్గిన మాటా నిజమే. నాకు అర్థమైనంతలో, దీనివల్ల కీడు జరుగుతుందన్న భయం ఎంత తక్కువో, అద్భుతం జరుగుతుందన్న ఆశ కూడా అంతే తక్కువగా పెట్టుకోవాలి. ఆశ తగ్గించుకోవడం నాకు భయం తగ్గించుకోవడం కంటే కష్టమైంది. డబ్బు పెట్టినవాణ్ణి కదా.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మట్టిపెట్టె ఎక్కడ పెట్టారంది. వాషింగ్ మెషీన్ పక్కన. మెషీన్ ఎప్పుడు వేస్తారు? పొద్దున్నే, ఆయన అందులో కూర్చున్నప్పుడే. ఎన్ని పెట్టెలున్నాయి? ఒకటి. పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి పెట్టాలట. బాల్కనీ నుంచి ఏం కనిపిస్తుంది? పక్కింటి సన్‌షేడ్ మీద రోజూ వచ్చి కూర్చునే నల్లటి గండుపిల్లి. అన్నీ రాసుకుని, "ఇంట్లో పిల్లిని కంగారు పెట్టే విషయం ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. మా ఆవిడ ఏమీ అనలేదు. నావైపు చూసింది. అమ్మాయి కూడా చూసింది. బుట్టలో ఉన్న తహసీల్దారుగారు కూడా చూశారని నా అనుమానం.

నిజమే, నోటుపుస్తకం రోజుల్లో నేను టార్చిలైటు పట్టుకుని ఆయన వెంట అర్ధరాత్రి సోఫా కిందికి దూరేవాణ్ణి. తోక ఎత్తితే చాలు, "వద్దు సార్, వద్దు" అని ఒక్క ఉరుకు ఉరికేవాణ్ణి. ఆ ఉరుకుకు నాకే మూత్రం వచ్చేది.

ఇప్పుడు పెట్టె పడగ్గదిలోకి మారింది, ఇంకోటి హాల్లోకి వచ్చింది. బాల్కనీ అద్దాలకు కింది భాగంలో పాలరంగు స్టిక్కర్ అంటించాం. డిఫ్యూజర్ స్విచ్ మీద అమ్మ చదివేంత పెద్ద అక్షరాలతో 'ఇది దోమలది కాదు' అని రాసి పెట్టాం. టార్చిలైటు మా ఆవిడ దాచేసింది. ముద్రలు బాగా తగ్గాయి. ఏది పనిచేసిందో ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు, ఎందుకంటే నేను అన్నీ ఒకే వారంలో చేశాను. మా ఆవిడ మట్టిపెట్టె అంటుంది. అమ్మాయి స్టిక్కర్ అంటుంది. అమ్మ మాత్రం తను మొక్కుకున్న మొక్కు అంటుంది. కొబ్బరికాయ కూడా కొట్టించింది.

సీసా అడుగంటుతోంది. ఈసారి కొనకుండా ఉండి చూస్తే నిజం తేలుతుందని మా ఆవిడ వాదన. న్యాయమైన పరీక్షే. నేను మాత్రం ఎవరికీ చెప్పకుండా రెండు రీఫిళ్లు ఆర్డరు పెట్టాను. నిన్న డెలివరీ అబ్బాయి వచ్చినప్పుడు తలుపు తీసింది అమ్మే. "ఇదేమిట్రా, మళ్లీ దోమలదేనా?" అని అడిగితే, అవునన్నాను.