దివిసీమ డివిజను డీఆర్ఎం గారు

దివిసీమలో రైలు పట్టా అన్నదే లేదు. అయినా దివిసీమ రైళ్లు లేటుగా నడుస్తున్నాయని నిద్రపట్టక దొర్లే పెద్దమనుషులు కృష్ణా డెల్టా అడుగున ఊరికొకరు తేలతారు. ఇంట్లోవాళ్లు వెటకారంగానూ, వీధిలోవాళ్లు కాస్త మర్యాదగానూ వీరిని ‘డీఆర్ఎం గారు’ అంటారు. అసలు డీఆర్ఎం, అంటే డివిజనల్ రైల్వే మేనేజరు, కూర్చునేది బెజవాడలో. వీరు కూర్చునేది పడగ్గది మూల, పిల్లాడి చదువుకని కొన్న కంప్యూటరు ముందు. పగలు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు గాజుల లెక్కలు రాసేవారు కావచ్చు, గుడివాడలో ఎరువుల కొట్టు నడిపేవారు కావచ్చు, నాగాయలంకలో రొయ్యల మేత అమ్మేవారు కావచ్చు. రాత్రి మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కోగానే రైల్వే డ్యూటీ మొదలు. జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు అసలే లేదు.

వీరి డివిజను నడిచేది ఓపెన్‌టీటీడీ అనే ఆటలో. 1994లో క్రిస్ సాయర్ తయారుచేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్, మరుసటి ఏడు వచ్చిన దాని డీలక్స్ రూపం ఈ ఆటకు మూలం. 2004లో లుడ్విగ్ స్ట్రిగియస్ అనే స్వీడన్ కుర్రాడు ఆ డీలక్సును నట్టు నట్టు విప్పి, తిరగరాసి, లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ఇందులో కాల్చుకోవడాలు, నరుక్కోవడాలు లేవు. ఊళ్లుంటాయి, ఏళ్లుంటాయి. పట్టాలు గడి పక్కన గడిగా మనమే పరవాలి, స్టేషన్లు కట్టాలి, సిగ్నళ్లు పాతాలి, బండ్లు కొని తిప్పాలి. దీన్ని ఆట అని డీఆర్ఎం గారి ముందు అనకూడదు. అంటే ఆ పూట కాఫీ రాదు.

డెల్టా మ్యాపు గీయడం మాత్రం సుఖం. కొండల్లేవు, గుట్టల్లేవు, అంతా చదునే. చిక్కల్లా చరిత్రతో వచ్చింది. బెజవాడనుంచి బందరుకు మీటరుగేజి లైను 1908లో పడింది కనుక ఆటనూ ఆ ఏడే ప్రారంభించాలని డీఆర్ఎం గారి పట్టుదల. తీరా చూస్తే ఆటలో మామూలుగా వచ్చే ఇంజన్లు 1920లు వస్తేగాని పుట్టవు. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి, కొనడానికి ఒక్క బండీ లేదు. చివరికి గుడివాడ–భీమవరం లైను తెరిచిన 1928తో సరిపెట్టుకున్నారు. ఆ ఇరవై ఏళ్లూ బందరు జనం కాలువ పడవల్లోనే తిరిగారని మనసుకు సర్దిచెప్పుకున్నారట.

ఈ జాతిలోనూ శాఖాభేదాలున్నాయి. బందరు శాఖవారికి ప్రపంచం బందరు ప్లాట్‌ఫారం చివర గోడతో ఆఖరు. వచ్చిన బండి వచ్చిన దారినే పోవాలి కాబట్టి వీరి తలనొప్పంతా స్టేషను ముఖద్వారంలోని పాయింట్ల దగ్గరే. అక్కడ ఒక సిగ్నలు తిరగబడితే చాలు, లోపల యశ్వంత్‌పూర్ వెళ్లే కొండవీడు ఎక్స్‌ప్రెస్సు, బయట బీదర్ నుంచి వచ్చిన బండి ఎదురెదురుగా నిలబడి ‘ముందు నువ్వు’ అంటే ‘ముందు నువ్వు’ అనుకుంటాయి. లక్నో నవాబుల మర్యాదలు బందరులో చెల్లవని గ్రహించి ఒకవైపు మాత్రమే పోనిచ్చే పాత్ సిగ్నళ్లు పాతితే బందరు శాఖ పని దాదాపు అయిపోయినట్టే.

గుడివాడ శాఖ అలాంటిది కాదు. అది జంక్షన్ రక్తం. బెజవాడ లైను ఒక చివరనుంచి స్టేషన్లోకి వస్తే, బందరు లైనూ భీమవరం లైనూ రెండూ రెండో చివరనుంచి విడిపోతాయి. అందుచేత బందరునుంచి విశాఖపట్నం పోయే బండి గుడివాడ దాకా వచ్చి, ముఖం తిప్పుకుని, వచ్చిన వైపే బయల్దేరాలి. నిజం రైలుకైతే ఇంజను విప్పి అటు చివర తగిలిస్తారు. ఆటలో బండి చిటికెలో తిరిగిపోతుంది. ప్రమాదమంతా తిరిగాక వస్తుంది. పాయింట్లు దాటీ దాటగానే సిగ్నలు పాతారనుకోండి, బండి తల సిగ్నలు దగ్గర ఆగుతుంది, తోక పాయింట్ల మీద మిగిలిపోతుంది. ఆ తోక వెనకాల భీమవరం గూడ్సు, గూడ్సు వెనకాల నరసాపురం బండి, దాని వెనక మరోటి. పాయింట్లకూ సిగ్నలుకూ మధ్య ఒక నిండు రైలు పట్టేంత జాగా వదలాలన్న సంగతి గుడివాడ డీఆర్ఎం గారు చాలా రాత్రుళ్లు పోసి కొనుక్కున్న జ్ఞానం. ఇప్పుడు గుడ్లవల్లేరు పెళ్ళిలో బఫే దగ్గర జనం గుమిగూడినా వారికి తోకలే కనపడతాయి. ‘పులిహోర దాటగానే పెరుగన్నం పెట్టిందెవరయ్యా? తోక ఎక్కడ పట్టాలి?’ అని వంటవాణ్ని కోప్పడతారు. వంటవాడికి ఏం అర్థమైందో గాని, పెరుగన్నం బల్లను మాత్రం జరిపాడు.

ఇంకో సంగతి. గుడివాడకు రెండో ప్లాట్‌ఫారం కట్టబోయి ఒక గడి ఎడంగా కట్టారు. ఆట దాన్ని వేరే స్టేషనుగా లెక్కేసుకుని, చుట్టూ నాలుగు చెట్లు కనపడేసరికి ‘గుడివాడ వుడ్స్’ అని నామకరణం కూడా చేసింది. గుడివాడకు అడవి వచ్చినందుకు ఆనందించాలో, బండ్లన్నీ పాత స్టేషనులోనే ఆగుతుంటే జనమంతా అడవిలో పోగవుతున్నందుకు ఏడవాలో తెలియలేదు.

‘ఏమేవ్, గుడివాడలో జనం ఆగిపోయారే!’

‘బస్సెక్కి పోతార్లెండి. మీరు లైటార్పి పడుకోండి.’

కంట్రోల్ మీట నొక్కిపట్టి కడితే విడిగా ఉన్న రెండూ ఒకే స్టేషనవుతాయి. ఆ మీట సంగతి చెప్పింది అమెరికాలో ఉన్న బావమరిది. చెప్పి ఊరుకున్నాడా? అదే మ్యాపులోకి పోటీ కంపెనీగా దిగాడు.

డీఆర్ఎం గారి పనితనం కళ్లారా చూడాలంటే కరెంటు తీగలు వేసిన రాత్రి చూడాలి. నిజం లైనులో బెజవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–బందరు, భీమవరం–నిడదవోలు కలిపి 221 కిలోమీటర్ల డబ్లింగు, విద్యుదీకరణ ఏళ్ల తరబడి సాగింది. వీరు మౌసు ఒక్క లాగుడు లాగి అంతా మార్చేశారు. కరెంటు ఇంజను కొన్నారు. అది గుడివాడలో బయల్దేరి, కాసేపటికి గుడివాడకే తిరిగొచ్చింది. మళ్లీ పంపితే మళ్లీ తిరిగొచ్చింది. ‘దారి తప్పింది’ అని ఆట వార్త వేసింది. అప్పుడు డివిజనంతటా బండ్లన్నీ ఆపించి, పెట్టెలు లేకుండా ఒట్టి ఇంజను ఒకదాన్ని వదిలారు. దానితోపాటు తెరమీద చూపుడువేలు నడిపారు. ‘నూజెళ్ల... వచ్చింది. గుడ్లవల్లేరు... దాటింది. కవుతరం... ఆఁ!’ ఇంజను కవుతరం ప్లాట్‌ఫారం అంచుదాకా వచ్చి, గుమ్మంలో చెప్పులు చూసి వెనుదిరిగిన అల్లుడిలా వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారంలో ఒకే ఒక్క గడి లాగుడులో తప్పిపోయింది. దానిమీద తీగ లేదు. తీగ లేని పట్టా కరెంటు ఇంజను లెక్కలో పట్టానే కాదు. మరి కంటికి ఎందుకు ఆనలేదంటే, తీగలు అడ్డొచ్చి ఊళ్ల అందం చెడుతోందని అంతకుముందే డీఆర్ఎం గారు స్వయంగా వాటిని కనపడకుండా చేసే బొత్తాం నొక్కి ఉంచారు. ఈ భాగం వారు ఎవరికీ చెప్పరు. బావమరిదే చెబుతాడు.

అసలైన వీరశైవులు దివి శాఖవారు. బందరుకూ రేపల్లెకూ మధ్య లైను కావాలన్నది ఈ ప్రాంతపు పాత కోరిక. తెనాలినుంచి పట్టా 1916లోనే రేపల్లెదాకా వచ్చి ఆగింది. ఇటు పట్టా బందరులో ఆగింది. నడుమ మిగిలింది 45 కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడు బందరునుంచి రేపల్లెకు రైల్లో పోవాలంటే బెజవాడ, తెనాలి చుట్టి 140 కిలోమీటర్ల పైచిలుకు. సర్వేలు జరిగాయి, వినతిపత్రాలు వెళ్లాయి, పెనుమూడి–పులిగడ్డ వారధి మీద బస్సులూ తిరుగుతున్నాయి. రైలు సంగతి అడిగితే లోకంలో ఏ వినతిపత్రానికైనా దొరికే జవాబే దొరుకుతుంది: పరిశీలనలో ఉంది. ఆ మాట వింటే డీఆర్ఎం గారికి ఒళ్లు మండుతుంది. రేపల్లెలో పెళ్లికి బస్సులో వెళుతూ వారధి మీద కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కన రైలు వంతెనకు స్తంభాలు ఎక్కడెక్కడ పడాలో పక్కసీటాయనకు చూపిస్తారు. పక్కసీటాయన నిద్ర నటిస్తాడు.

సొంత మ్యాపులోనైనా సులువుగా సాగిందా అంటే అదీ లేదు. చల్లపల్లిలో స్టేషనుకు అడ్డమొచ్చిన చెట్లన్నీ కొట్టించేసరికి ఊరి అధికారులకు కోపమొచ్చి స్టేషనుకు అనుమతి ఇవ్వం పొమ్మన్నారు. ఈ ఆటలో లంచమివ్వడానికి కూడా ఒక బొత్తాం ఉంది. దొరికిపోతే ఉన్న పరువూ పోతుంది. డీఆర్ఎం గారు ఆ బొత్తాం మీద బాణం పెట్టి చాలాసేపు ఆలోచించి, చివరికి ఊరి చుట్టూ మళ్లీ చెట్లు నాటారు. చెట్లు పెరిగేకొద్దీ అధికారుల మనసు కరుగుతుంది. ఇంత చవకగా కరిగే అధికారులు ఈ ఆటలోనే ఉంటారు. తర్వాత పులిగడ్డ అక్విడక్టు. దివిసీమ పొలాలకు నీళ్లు మోసే కట్టడం లేకుండా దివిసీమేమిటని దాన్నీ కట్టబోయారు. ఆటలో అక్విడక్టు ఉంది గాని, దానికి రెండు చివరలా వాలు నేల కావాలి. వాలు అన్నది దివిసీమకెక్కడిది? రెండు మట్టిదిబ్బలు పోయించారు.

కోడూరు దగ్గర ఇంకోచోట కూడా నేల ఎత్తు పెంచారు. అక్కడ ఆట అడగలేదు. ఇంట్లో పెద్దాయన వెనకనుంచి చూసి, ‘కట్ట ఇంకో మెట్టు లేపరా’ అన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. డీఆర్ఎం గారు మాట్లాడకుండా లేపారు.

ఈలోగా బావమరిది అవనిగడ్డ దగ్గర రోడ్డు వేసి దారి కట్టేశాడు. ‘బావా, ఆ స్థలం నాది. కావాలంటే పైనుంచి వంతెన వేసుకో.’ ‘ఒరేయ్, మీ అక్కను ఇచ్చిన ఇల్లురా ఇది!’ ఆ వాదన అర్ధరాత్రి దాకా ఫోన్లో నడిచింది. అక్కగారే ఫోను లాక్కుని తమ్ముణ్ని నాలుగు కడిగితే రోడ్డు పక్కకు జరిగింది.

తొలి ప్యాసింజరు బందరులో బయల్దేరి చల్లపల్లి, అవనిగడ్డ దాటి, ఏరు దాటి రేపల్లెలో ఆగింది. కొత్త స్టేషనుకు మొదటి రైలు వచ్చినప్పుడు ఈ ఆట వార్తాపత్రికలో బొమ్మ వేసి, పౌరులు సంబరాలు చేసుకుంటున్నారని ప్రకటిస్తుంది. డీఆర్ఎం గారు దాన్ని ఫొటో తీసి, ‘బందరు–రేపల్లె లైను ప్రారంభం’ అని రాసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడేశారు. ఆట అన్న మాట రాయడం మరిచిపోయారో, మానేశారో.

తెల్లారేసరికి పూలగుత్తులు, దండాలు, జెండాలు వచ్చిపడ్డాయి. ‘మా హయాంలో చూస్తామనుకోలేదు’ అన్నారు పెదనాన్నగారు. సీనియర్ సిటిజన్ రాయితీ ఉందా అని ఒకరడిగారు. నాగాయలంక బాబాయ్ గురువారం బండికి రెండు సీట్లు చూసిపెట్టమన్నారు. మోపిదేవి పిన్నిగారికి మాత్రం కోపమొచ్చింది: ‘సుబ్రహ్మణ్యస్వామి ఉన్న ఊళ్లో బండి ఆగదా? ఇదేం న్యాయంరా?’

డీఆర్ఎం గారు మ్యాపు తెరిచి చూశారు. నిజమే, మోపిదేవి పక్కనుంచే లైను పోతోంది గాని స్టేషను లేదు. కట్టాలంటే కట్ట తవ్వాలి, సిగ్నళ్లు పీకాలి, ఇప్పుడిప్పుడే కుదుటపడిన దారి మళ్లీ కెలకాలి. కాసేపు గడ్డం గోక్కుని ఫోను అందుకుని టైపు చేశారు:

‘హాల్టు విషయం పరిశీలనలో ఉంది పిన్నీ.’