ఏడో నంబరు కన్యాతీరం

మాది మెట్ట. వెయ్యి అడుగుల బోరు దింపినా దుమ్మే లేచిన చేలు తమిళనాడులో, కోయంబత్తూరు జిల్లాలోని మా అన్నూరు చుట్టూ బోలెడు. చెరువులు నింపండి మహాప్రభో అని పెద్దలు దశాబ్దాలు మొత్తుకోగా మొత్తుకోగా, అత్తికడవు–అవినాశి పథకం 2024 ఆగస్టులో మొదలైంది. అలాంటి ఊళ్లో ఇప్పుడు వీధికొక కొలంబస్ తేలాడు. సెలవులకు భార్యాబిడ్డలతో అండమాన్ వెళ్తాడు, మూడోరోజు వాట్సాప్‌లో చాటింపు వేస్తాడు: "ఎవరూ అడుగుపెట్టని బీచ్ కనుక్కున్నాం!" ఫొటోలో ఆయన భుజం వెనక కొబ్బరిబోండాల బండి, బండి ముందు బారెడు వరస.

ఆ కన్యాతీరం పేరు రాధానగర్. హేవ్‌లాక్ దీవిలో, అంటే 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అయినచోట, దాన్ని ఏడో నంబరు బీచ్ అంటారు. మూడో నంబరు గోవింద్‌నగర్, ఐదో నంబరు విజయ్‌నగర్. టైమ్ పత్రిక 2004లోనే రాధానగర్‌ని ఆసియాలో మేటి తీరమని మెచ్చుకుంది. నంబరు పడి, పత్రికకెక్కి, టికెట్ల సీజన్లు ఎన్నో చూశాక మావాడు వెళ్లి కనుక్కున్నాడు.

అక్కడ నిజంగా అడవి కొట్టి అడుగుపెట్టినవాళ్లు వేరే. దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న తూర్పు బెంగాల్ కుటుంబాలకు ప్రభుత్వం ఈ దీవుల్ని చూపించింది. వాళ్లు వరి నాటారు, పోకతోటలు పెంచారు, ఊళ్లకు దేవుళ్ల పేర్లు పెట్టుకున్నారు. పక్కనున్న నీల్ దీవిలో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. రామాయణం మొత్తం కాపురమున్న చోట నిలబడి "ఒక్క మనిషి లేడు" అనడానికి గుండెధైర్యం కావాలి.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి నార్త్ బే మరీ రహస్యమట. గాంధీ బొమ్మ ఉన్న పాత ఎర్ర ఇరవై నోటు దొరికితే వెనక్కి తిప్పండి: కొబ్బరిచెట్లు, కొండ, దీపస్తంభం. ఆ అఖాతమే ఇది! అన్నూరు సంతలో కొత్తిమీరకిచ్చి చిల్లర పుచ్చుకున్న దృశ్యాన్ని చూడటానికి మనిషికి ఇన్ని వేలని ప్యాకేజీ కడుతున్నాం.

"నాలుగు రోజుల్లో దీవులన్నీ చుట్టేశాం" అనేది ఇంకో గొప్ప. నీల్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన దాకా ఆటు సమయంలోనే నడిచి వెళ్లగలం. ఆటుపోట్ల వేళలు చంద్రుడివి, బండి వేళలు డ్రైవరు భోజనానివి. ఆయన చేయి కడుక్కునేసరికి పోటు వచ్చేసి ఉంటుంది. దూరం నుంచి నీళ్లను ఫొటో తీసి, కింద "వంతెన" అని రాసుకుని వస్తారు.

ఈ కనుక్కునే జబ్బు రుచి మాకు తెలియంది కాదు. నాయకరాజుల కాలం నుంచీ ఈ గడ్డన తెలుగు మాట్లాడుతున్నాం. అయినా మా ఊరి సత్తి రోడ్డు మీద టీకి ఆగిన హైదరాబాద్ కారొకటి "అరె, ఇక్కడా తెలుగువాళ్లున్నారా!" అని నెలకోసారి మమ్మల్ని కనుక్కుంటూనే ఉంటుంది. ఒళ్లు మండుతుంది. మండినవాళ్లమే అండమాన్ విమానమెక్కి అదే పని చేస్తున్నాం.

పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీవిజయపురమని పేరు. అక్కడి జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర నుంచి పోయిన జాలరి కుటుంబాలు తరాలుగా వలలు వేస్తున్నాయి. 2011 జనగణన లెక్కన ఆ దీవుల్లో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. మన కొలంబస్ మాత్రం పడవాయనతో వచ్చీరాని హిందీలో కుస్తీ పట్టి, "భాష సమస్య బాగా ఉంది" అని తేల్చేశాడు.

వచ్చే సెలవులకు బయల్దేరేవాళ్లకు ఒకటే మనవి. పడవెక్కగానే ఫోను జేబులో పెట్టి, "ఏ ఊరండీ మీది?" అని శుభ్రంగా తెలుగులో అడగండి.