ఏనుగు పూచీ మీద సారా

సారాకు మర్యాద తెచ్చేది పండు కాదు, మీగడ కాదు, సీసా మీది జంతువు. నమ్మనివారు అమరూలా సీసా ఒకటి చూడాలి. దక్షిణాఫ్రికా అడవుల్లో ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా కాసే మరూలా పండ్లను పల్లె ఆడవాళ్లు ఏరి తెచ్చి అమ్ముతారు. ఆ గుజ్జును పులియబెట్టి, బట్టీ పట్టి, ఓక్ పీపాల్లో రెండేళ్లు దాచి, మీగడ కలిపితే 17 శాతం ఆల్కహాలున్న తియ్యటి లిక్కర్ అవుతుంది. 1989లో బజారుకొచ్చిన ఈ సరుకు విమానాశ్రయం దుకాణాల్లో దొరసానిలా కూర్చుంది. సీసా మీద దంతాల ఏనుగు. రాలిన పండ్లు తిని ఏనుగులు తూలిపోతాయన్న కథ దానికి పైసా ఖర్చులేని ప్రచారం. అదే పండును పల్లెలో కుండలో పులియబెడితే మాత్రం నాటు సరుకు!

మరూలా మనకు పరాయిది కాదు, మామిడి, జీడిమామిడి చెట్ల కుటుంబమే. ఒడిశాలో గోపాల్‌పూర్ చుట్టుపక్కల గంజాం జిల్లా ఇసుక నేలల్లో దాని జ్ఞాతులకు కొదవ లేదు. ఎండాకాలం జీడితోటలో చూడండి: పండు కింద వేలాడే గింజను మెలిపెట్టి లాక్కుని, పండును అక్కడే పారేస్తారు. ఎరుపూ పసుపూ కలిసిన ఆ పండు సాయంత్రానికి మెత్తబడి, మర్నాటికి పులిసి ఈగల పాలవుతుంది. గింజకు జరిగే రాజభోగం జీడిపప్పు ఊరు పలాసను అడిగితే చెబుతుంది. ఇక్కడ పారేసే ఆ పండుతోనే గోవావాళ్లు ఫెనీ అనే సారా కాచి, 2009లో భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించారు. గంజాం వాళ్లకు బట్టీ విద్య రాదనుకోవడానికీ వీల్లేదు. ఆస్కాలో చక్కెర ఫ్యాక్టరీ పక్కన సారా దించడం మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పని. మొగలిపువ్వును రాగి పాత్రల్లో మరిగించి అత్తరు దించడంలో ఈ జిల్లాను మించింది లేదు.

పండుంది, బట్టీ ఉంది, ఏనుగేదీ అంటారా? 2022 నవంబరులో ఒడిశాలోనే, కేందుఝర్ జిల్లా శిలిపడా దగ్గర, ఊరివాళ్లు సారా కోసం నానబెట్టిన ఇప్పపువ్వు నీళ్లు మాయమయ్యాయి. కుండలు పగిలి ఉన్నాయి. పక్కనే 24 ఏనుగులు గాఢనిద్రలో ఉన్నాయని పత్రికలు రాశాయి. అటవీ సిబ్బంది డప్పులు కొట్టి లేపాల్సి వచ్చింది. ఊరికే పడుకున్నాయేమోనని ఒక అధికారి అన్నారట; తాగొచ్చినవాడి ఇంటివాళ్లు పొరుగింటికి చెప్పే మాటా అదే. పైగా ఇదంతా జరిగింది జీడిమామిడి తోటలో. శాస్త్రజ్ఞులు అడ్డు చెప్పకపోలేదు: అంతటి శరీరానికి మరూలా పండ్లతో మత్తెక్కడం దాదాపు అసాధ్యమని 2006లో బ్రిస్టల్ వాళ్లు లెక్కగట్టారు. ఆల్కహాల్‌ను అరిగించే ఒక జన్యువు ఏనుగుల్లో పనిచెయ్యదు కాబట్టి తొందరగానే ఎక్కొచ్చని 2020లో ఇంకొందరన్నారు. కేసు ఇంకా తేలలేదు. తేలేదాకా ఆగకుండా ఆఫ్రికా కంపెనీ బొమ్మ అచ్చేసుకుంది. పగిలిన కుండలు చేతిలో ఉన్న మనం మాత్రం ఏనుగులను లేపి పంపేశాం.

దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన జాతికి ఈ సొగసులెందుకని ఎవరైనా నిలదీస్తే, ఆ మాట తేలిగ్గా తోసెయ్యలేం. కూలి డబ్బులు ఇంటికి చేరకుండా మింగిన సారా మీద తిరుగుబాటు అది, న్యాయమైనది. కానీ ఇప్పసారా పేరెత్తితే ముక్కు మూసుకునే పెద్దమనిషే విదేశీ అడవిపండు సారాను మంచుముక్కలతో చప్పరిస్తే, అది మద్యపానంపై అభ్యంతరం కాదు, కుండ మీద అభ్యంతరం. తాగుడు తప్పయితే రెండూ తప్పే. కాదంటారా, ఇక్కడ పువ్వు ఏరే ఆడవాళ్లకూ అక్కడి పండు ఏరేవాళ్ల పాటి బేరం దక్కాలి. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యమని ఇప్పటికే ఒప్పుకుంది. ఒడిశా, ఆంధ్ర సర్కార్లు కూడా ఒకసారి ఆలోచించాలి. ఈ గొడవ మనకెందుకనే పాఠకులు వేసవిలో గోపాల్‌పూర్ వెళ్లినప్పుడు జీడిపండు ముక్కలకు ఉప్పు అద్దుకుని తినండి. తెల్లచొక్కా మాత్రం వేసుకోకండి, ఆ రసం మరక ఏ సబ్బుకీ లొంగదు.