బంగాళాఖాత ప్రయోగ శాస్త్రం

పొన్నూరులో సముద్రం లేదు. బంగాళాఖాతం మాత్రం ప్రతి టీకొట్టు దగ్గరా ఉంది. రెండూ ఒకటేనని భూగోళశాస్త్రం వాదిస్తుంది, అది పూర్వపక్షం. కార్తీక పౌర్ణమికి బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లి మునిగొచ్చినవాళ్లను అడగండి, ‘సముద్ర స్నానం చేసొచ్చాం’ అంటారు. బంగాళాఖాతంలో స్నానం చేశానన్నవాడు ఇంతవరకూ తగల్లేదు. నిజాంపట్నం పడవలవాళ్లు వేటకు పోయేదీ సముద్రం మీదికే. కనుక ఒంటిని తడిపేది సముద్రం, నోట్లో నానేది బంగాళాఖాతం అని సిద్ధాంతం.

ఇక వ్యుత్పత్తి. ఇంగ్లీషువాడి ‘బే ఆఫ్ బెంగాల్’కి ఇది తర్జుమా. వాడికి బే అంటే సముద్రపు వంపొక్కటే కాదు; బిర్యానీ ఆకూ అదే, ఎర్రగోధుమ గుర్రమూ అదే, వేటకుక్క అరుపూ అదే. మన పండితులు ఆకునీ గుర్రాన్నీ కుక్కనీ వదిలేసి ‘ఖాతం’ అన్నారు. సంస్కృతంలో ఖాతమంటే తవ్విన గొయ్యి. గొయ్యి కనబడ్డాక తెలుగువాడు ఊరుకుంటాడా?

ప్రధానార్థం అక్కడ పుట్టింది: అక్కర్లేనివాటిని పడేసే చోటు. ప్రభుత్వాలు, జీవోలు, ఎదుటి పార్టీ మేనిఫెస్టో, అప్పుడప్పుడు బావమరిది. విస్తీర్ణం సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్లు, సగటు లోతు 2,600 మీటర్లు. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద ఖాతం లేదు కాబట్టి చోటు చాలదన్న బెంగ అక్కర్లేదు. వ్యాకరణమే కఠినం. ‘పడెయ్యాలి’, ‘కలిపేస్తాం’ అనేవి సాధు రూపాలు. ‘పడేశాం’ అని భూతకాలంలో చెప్పిన నాయకుడు లేడు. అరేబియా సముద్రంలో పడెయ్యాలని కూడా ఎవరూ అనరు, దారిఖర్చులు చూసుకోవాలిగా.

రెండో అర్థం వరికోతల కాలంలో బయటికొస్తుంది. అప్పుడు బంగాళాఖాతం పుట్టిల్లు. మొదట అల్పపీడనం. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుపాను. బారసాల చేసి పేరు పెట్టేది అప్పుడే. రేవుల్లో ఎగరేసే సూచికలు 11 రకాలు. పదకొండోదాని అర్థం, హెచ్చరికలు పంపే ఆఫీసుతోనే సంబంధాలు తెగిపోయాయని! ఇంతకన్నా నిజాయతీ గల ప్రభుత్వ ప్రకటన నేను చూడలేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన వరి ఇంకా పనల మీదున్న పొలాలు చాలా ఉన్నాయి. నీళ్లలో నానిన కంకి చేను మీదే తెల్లగా మొలకెత్తుతుంది. అందుకే ఈ కాలంలో పదప్రయోగం క్లుప్తంగా, పని మధ్యలో జరుగుతుంది.

‘బాబాయ్, అల్పపీడనమంట.’

‘ఎక్కడ్రా?’

‘బంగాళాఖాతంలో.’

‘అక్కడే ఉండమను. నువ్వు ముందు ఆ పట్టా అవతలి కొస పట్టుకో.’